ఫిజియోథెరపీలో డబ్బు లేదన్నదెవరు?

2025 సెప్టెంబరు 8, సోమవారం. ప్రపంచ ఫిజియోథెరపీ దినోత్సవం. ఆసుపత్రుల్లో కేకులు కోశారు, ఫ్లెక్సీలు కట్టారు. ఫిజియో డిపార్ట్‌మెంటు ఏ అంతస్తులో ఉందో ఏడాది పొడుగునా పట్టని మేనేజ్‌మెంటు పెద్దలు ఆ ఒక్కరోజు బేస్‌మెంటు దాకా దిగి, పార్కింగు పక్కనున్న ఆ గదిలో ఫొటో కూడా దిగారు. మర్నాడు మంగళవారం. కేంద్రంలో ఆరోగ్య సేవల డైరెక్టరేట్ జనరల్ నుంచి ఇండియన్ మెడికల్ అసోసియేషన్‌కి ఒక ఉత్తరం వెళ్లింది. ఫిజియోథెరపిస్టులు వైద్యులు కారు గనక పేరు ముందు డాక్టర్ అని పెట్టుకోకూడదు, పెట్టుకుంటే 1916 నాటి మెడికల్ డిగ్రీల చట్టాన్ని అతిక్రమించినట్టేనని దాని సారాంశం. ఆ మర్నాడు బుధవారం. నిన్నటి ఉత్తరం వెనక్కి తీసుకుంటున్నాం, విషయాన్ని ఇంకా పరిశీలించాల్సి ఉంది అని అదే కార్యాలయం ఇంకో ఉత్తరం వేసింది. సోమవారం ఆసుపత్రికి వెన్నెముక, మంగళవారం దొంగ డాక్టరు, బుధవారం పెండింగు ఫైలు. ఒక వృత్తి మూడు రోజుల్లో ఇన్ని మెట్లు ఎక్కి దిగడం ఈ దేశంలో ఇంకెక్కడా చూడం.

చాలదన్నట్టు అదే నెల 19న వాషింగ్టన్‌లో ట్రంప్ ఒక కాగితం మీద సంతకం పెట్టాడు. దాని సంగతికి తర్వాత వద్దాం, దారి పొడుగే.

ఇంత జరిగినా బైపీసీ పిల్లల తండ్రులు అడిగే ప్రశ్న మాత్రం మారలేదు. "ఫిజియోథెరపీలో చేర్పిస్తే డబ్బులుంటాయాండీ?" ఉంటాయి. లేవన్నవాడు కళ్లుండీ చూడనివాడు. మాదాపూర్‌లో ముప్పయ్యేళ్లకే డిస్కులు జారుతున్నాయి. కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో క్లచ్చు తొక్కీ తొక్కీ మోకాళ్లు మొరాయిస్తున్నాయి. ఫోన్లలోకి వంగిన మెడలు మళ్లీ లేవడం లేదు. పక్షవాతానికి పల్లె, పట్నం తేడా లేదు. గిరాకీకి కొదవ లేదు, డబ్బు కాలవలా పారుతూనే ఉంది. కాకపోతే కాలవ కింద వ్యవసాయం ఎరిగిన వాళ్లకి ఒక విషయం తెలుసు. ఎగువన తూము దగ్గరున్న చేను ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది, నీళ్ల కోసం రాత్రుళ్లు గట్టు మీద పడుకునేది శివారు రైతే. ఫిజియోది శివారు పొలం. మీ అమ్మాయిని అందులోకి దించే ముందు ఒకసారి తూము దగ్గర్నుంచి గట్టు వెంబడి నడిచి రండి.

మొదటి తూము కాలేజీ. మన రెండు రాష్ట్రాల్లో ఫిజియోథెరపీలో ఎవరూ చేరరు, తేలతారు. నీట్‌లో ఎంబీబీఎస్ రాలేదు. బీడీఎస్ చదివిన మేనకోడలు క్లినిక్కులో ఈగలు తోలుతోంది గనక అది వద్దు. వెటర్నరీ అందలేదు. అగ్రికల్చర్ బీఎస్సీ పక్కింటివాళ్ల అబ్బాయికొచ్చింది. ఇక ఫార్మసీయా, ఫిజియోనా అని ఇల్లంతా తల పట్టుకుని కూచున్న వేళ పెదబాబాయి గొంతు సవరించుకుంటాడు. "ఫిజియో అయితే పేరు ముందు డాక్టర్ ఉంటుంది రా." అంతే. 'డా' అనే ఒక్క అక్షరం, దాని పక్కన ఒక చుక్క. ఆ చుక్క ఖరీదు నాలుగున్నరేళ్ల ఫీజు. 2025 ఏప్రిల్‌లో అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ తెచ్చిన కొత్త పాఠ్యప్రణాళిక, డాక్టర్ అని పెట్టుకోండి, కానీ చివర 'పీటీ' తగిలించండి అంది. అదే చేత్తో కోర్సుని అయిదేళ్లకు సాగదీసింది. గౌరవం ఊరికే రాదు కదా. ఆ గౌరవం కాస్తా సెప్టెంబరులో మంగళవారం పోయి బుధవారం సగం వచ్చింది. పెరిగిన ఆరు నెలలు మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

కాలేజీ లెక్క వేద్దాం. మేనేజ్‌మెంటు కోటాలో ఏడాదికి లక్ష అనుకోండి. హాస్టలు, మెస్సు, పుస్తకాలు, రికార్డులు, తెల్లకోటు, పరీక్ష ఫీజు, ఆ పరీక్ష తప్పితే మళ్లీ పరీక్ష ఫీజు కలిపి ఇంకో లక్ష. పాత కోర్సు నాలుగున్నరేళ్లకే తొమ్మిది లక్షలు. దీనికి ప్రతిగా కాలేజీవారు ఇచ్చేవి ఒక అస్థిపంజరం, నొప్పికి కరెంటు పెట్టే రెండు ఐఎఫ్‌టీ మిషన్లు (ఒకటి పనిచేస్తుంది), మైనపు తొట్టి, సమాంతరంగా నిలబెట్టిన రెండు ఇనప కడ్డీలు. ఇన్‌స్పెక్షన్ రోజున మాత్రం ఆ కాలేజీని చూడాలి. నిండా రోగులు, నిండా ప్రొఫెసర్లు. ఆ ప్రొఫెసర్లలో కొందరిని పిల్లలు అదే మొదటిసారి చూడటం, అదే చివరిసారి కూడా. మంచి కాలేజీలు లేవా అంటే ఉన్నాయి. హైదరాబాద్ నిమ్స్‌లో సీటొస్తే కళ్లకద్దుకుని చేర్పించండి. మిగతా వాటికి కళ్లు తెరుచుకుని వెళ్లండి.

రెండో తూము ఆసుపత్రి. పట్టా చేతికొచ్చిన అమ్మాయి హెచ్చార్ మేడమ్ ముందు కూచుంటుంది.

"ఎంత ఎక్స్‌పెక్ట్ చేస్తున్నావమ్మా?"

"పాతికవేలు మేడమ్."

మేడమ్ నవ్వుతుంది. ఆ నవ్వులో కోపం ఉండదు, జాలే ఉంటుంది. "ఫ్రెషర్‌వి కదా, పన్నెండు ఇస్తాం. నువ్విక్కడ నేర్చుకునేదానికి అసలు మేమే నీ దగ్గర తీసుకోవాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చి వెళ్లు, రెండేళ్ల బాండు ఉంటుంది."

పన్నెండు వేలంటే చిన్నచూపు వద్దు. 2025-26లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. నెలకి ఇరవయ్యారు రోజులు తట్ట మోస్తే 7,982. తొమ్మిది లక్షల చదువు చదివిన మన అమ్మాయికి అంతకంటే నాలుగువేల పద్దెనిమిది రూపాయలు ఎక్కువే వస్తున్నాయి. తేడా ఒక్కటే. అక్కడ హామీ పథకం పేరులోనే ఉంది, ఇక్కడ ఆఫర్ లెటర్‌లో కూడా లేదు. ఆ జీతంలోంచి తినకుండా, తాగకుండా, బస్సెక్కకుండా పైసా పైసా దాస్తే పెట్టిన తొమ్మిది లక్షలు డెబ్బయ్యయిదు నెలల్లో వెనక్కొస్తాయి. ఆరేళ్లా మూడు నెలలు. వడ్డీ సంగతి ఎత్తకండి, పిల్లకి కళ్లు తిరుగుతాయి.

ఈలోగా ఆసుపత్రివారి పద్దు చూద్దాం. మంచం దగ్గరికొచ్చి చేసిన ఒక్కో సెషన్‌కి బిల్లులో ఆరు వందలు పడుతుందనుకుందాం. రోజుకి పదిహేను మంచాలు. తొమ్మిది వేలు. నెలకి ఇరవయ్యారు రోజులకి 2,34,000. అందులో అమ్మాయి వాటా పన్నెండు వేలు, అంటే వందకి అయిదు. మిగతా తొంభై అయిదు గోడలకి, ఏసీలకి, లాబీలోని గణపతి విగ్రహానికి. ఆ అయిదు రూపాయల కోసం ఆమె చేసేదేమిటంటే, పక్షవాతం వచ్చిన తొంభై కిలోల మనిషిని చంకల కింద చేతులేసి మంచం మీంచి లేపి కుర్చీలో కూచోబెట్టడం, కుర్చీలోంచి లేపి నిలబెట్టడం, నిలబెట్టాక పడిపోకుండా తన ఒంటితో కాయడం. జనం నడుములు నిలబెట్టే పనిలో ముందుగా పోయేది ఆ పని చేసేవాళ్ల నడుమే. ఆ నడుముకి వైద్యం చేయించుకోవాలంటే స్టాఫ్ డిస్కౌంట్ పది శాతం.

పీజీ చేస్తే జీతం పెరగదా అంటారు. పెరుగుతుంది. ఎంపీటీ అని రెండేళ్లు, మళ్లీ కొన్ని లక్షలు. ఆర్థో, న్యూరో, కార్డియో, స్పోర్ట్స్ అని ఏదో ఒకటి పట్టుకుని బయటికొస్తే హెచ్చార్ మేడమ్ నవ్వు కాస్త తగ్గుతుంది, అంకె కాస్త పెరుగుతుంది. లేదా లెక్చరర్ అవ్వచ్చు. తన జీతాన్ని రేపు తక్కువకి పాడుకునే జూనియర్లను తనే తయారుచేసి పంపే ఉద్యోగం ప్రపంచంలో ఇదొక్కటేనేమో.

ఆసుపత్రి వద్దు, సొంత క్లినిక్కు పెడతాం అనే ధైర్యవంతులుంటారు. వాళ్లకి మూడో తూము ఎదురవుతుంది. ఎముకల డాక్టరుగారు. మోకాలి కీలు మార్చి ఆయన కుట్లేసి వెళ్లిపోతాడు. ఆ మోకాలు మళ్లీ వంగాలన్నా, ఆ మనిషి మెట్లెక్కాలన్నా ఆ తర్వాతి వారాలన్నీ ఫిజియో చేతిలోనే. ఈ సంగతి పెద్దాయనకీ తెలుసు. అందుకే ఆయన రాసే చీటీ ఎవరి గుమ్మంలో వాలితే ఆ గుమ్మానికి పండగ. 2002 నాటి వైద్యుల నీతి నియమావళి రోగిని పంపినందుకు కమిషన్ పుచ్చుకోవడం, ఇవ్వడం రెండూ తప్పేనని చాలా స్పష్టంగా రాసింది. మనవాళ్లు చట్టాన్ని గౌరవించేవాళ్లు గనక ఎవరూ కమిషన్ పుచ్చుకోరు. నెలాఖరుకి క్లినిక్కు కుర్రాడు ఒక కవరు పట్టుకెళ్లి కాంపౌండరుకిచ్చి, "సార్‌కి రిపోర్టులు" అంటాడు. రిపోర్టులు ఎక్కువైన నెల చీటీలు ఎక్కువొస్తాయి. ఆ చీటీ మీద ఉండేది ఒకే వాక్యం. ఐఎఫ్‌టీ, అల్ట్రాసౌండ్, పది రోజులు. నాలుగున్నరేళ్లు చదివిన మనిషి ఇక ఆలోచించనక్కర్లేదు, మీట నొక్కితే చాలు.

మీట మాట వచ్చింది గనక మిషన్ల డీలరు దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. అతని బోణీకి ఢోకా లేదు, ఎందుకంటే మన జనానికి ఫిజియోథెరపీ అంటే కరెంటు పెట్టించుకోవడం. తీగలుండాలి, లైట్లు వెలగాలి, ఒళ్లు జివ్వుమనాలి. నడుము నొప్పికి, మోకాలి అరుగుదలకి నిజంగా పనిచేసేది ఎక్కువగా వ్యాయామం, అది కూడా రోగి తానే చెమటోడ్చి చేసేది. దానికి మిషన్ అక్కర్లేదు, చాప చాలు. కానీ చాప పరిచి "ఈ కాలు ఇలా ఎత్తండి, పదిసార్లు" అని చెప్పే ఫిజియోకి డబ్బెవరిస్తారు? "కరెంటు పెట్టలేదు, ఏమీ పెట్టలేదు, ఉత్తినే కాళ్లెత్తించింది" అని వీధంతా చెప్తారు. కాబట్టి నిజాయతీగా వైద్యం చేద్దామనుకున్న పిల్ల కూడా బ్యాంకు లోను మీద నాలుగు మిషన్లు కొంటుంది, ఆ మిషన్ల కిస్తీ కట్టడానికి ప్రతి నడుముకీ తీగలు తగిలిస్తుంది. ఇక చెయ్యి విరిగితే మనవాళ్లు ఆర్థో దగ్గరికీ పోరు, ఫిజియో దగ్గరికీ పోరు, బండి కట్టించుకుని పుత్తూరు పోతారు. పుత్తూరు కట్టుకి డిగ్రీ అవసరం పడలేదు, పేరు ముందు చుక్కా అవసరం పడలేదు. డైరెక్టరేట్ జనరల్ దానికి ఉత్తరమూ రాయలేదు.

ఇంతటి గిట్టుబాటు వ్యాపారానికి ప్రభుత్వం అండ లేకుండా ఉంటుందా? 1950ల మొదట్లో బొంబాయిలో పోలియో విరుచుకుపడ్డాక దేశంలో తొలి ఫిజియోథెరపీ స్కూలు వెలిసింది. 1955లో ఫిజియోలు సంఘం పెట్టుకున్నారు. వాళ్లను గుర్తించి, రిజిస్టరు పెట్టి, నకిలీలను పట్టుకునే జాతీయ చట్టం 2021లో వచ్చింది. అరవై ఆరేళ్లు. రిటైరయ్యే వయసు కూడా దాటిపోయింది. చట్టం వచ్చాక అమలు చెయ్యాలన్న సంగతి రాష్ట్రాలు మర్చిపోతే 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు రెండు నెలల గడువిచ్చి గుర్తుచెయ్యాల్సి వచ్చింది. ఈ మధ్యకాలమంతా మసాజ్ పార్లర్ బోర్డుకీ ఫిజియో బోర్డుకీ తేడా పెయింటరు చేతివాటమే.

సర్కారు ఉద్యోగం మాటేమిటంటారా? కేంద్రంలో లెవెల్ 6, మూలవేతనం 35,400. నిజంగానే మంచి జీతం, పైన కరువు భత్యం, ఇంటద్దె, పండక్కి సెలవు. మరి ఎన్నున్నాయంటారు. 2024లో రైల్వేవారు పారామెడికల్ పోస్టులకి దేశమంతటికీ ఒక నోటిఫికేషన్ వేశారు, మొత్తం 1,376 ఖాళీలు. అందులో ఫిజియోలకి ఇరవై. శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా ఉన్న రైల్వే మోకాళ్లన్నింటికీ కలిపి ఇరవై. అదే నోటిఫికేషన్‌లో హెల్త్ అండ్ మలేరియా ఇన్‌స్పెక్టర్లకి 126 ఖాళీలు. నడుము నొప్పి వాళ్లను కుట్టే దోమ దొరికితే గానీ మనకి నోటిఫికేషన్ పడదు. ఇక మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం. అక్కడికి ఫిజియో వారంలో ఏదో ఒకరోజు వెళ్తారు. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లవాడి కాళ్లు మిగతా రోజులు బిగుసుకోకుండా ఎదురుచూడాలి, ప్రభుత్వం ఆ నమ్మకంతోనే బడ్జెట్ వేసింది.

కాలేజీ బ్రోషరు తీసి మళ్లీ చూడండి. వెనక అట్ట మీద స్టేడియం, ఫ్లడ్‌లైట్లు, బ్యాగు పట్టుకుని మైదానంలోకి పరిగెడుతున్న ఫిజియో. ఐపీఎల్! జట్లు పది. జట్టుకి ముగ్గురో నలుగురో అనుకున్నా నలభై మంది. అందులో కొన్ని కుర్చీలు విదేశీయులవి. మిగిలిన వాటి కోసం పోటీ పడేది దేశంలోని ఫిజియోలంతా. మీ అబ్బాయి ఫిజియోగా ఐపీఎల్‌లోకి వెళ్లడం కన్నా బౌలర్‌గా వెళ్లడం సులువు. కనీసం బౌలర్లను వేలంలో పాడతారు.

అయినా పెదబాబాయి మనసులో ఉన్నది స్టేడియం కాదు, విమానం. "అమెరికాలో ఫిజియోలకి లక్ష డాలర్లట." అబద్ధం కాదు. అమెరికా కార్మిక శాఖ లెక్కల ప్రకారం 2024 మేలో అక్కడి ఫిజికల్ థెరపిస్టు మధ్యస్థ వార్షిక వేతనం 1,01,020 డాలర్లు. మా దగ్గర వీళ్లు చాలడం లేదని ఆ ప్రభుత్వం ఎప్పుడో ఒప్పుకుంది కూడా. నర్సులకీ, ఫిజికల్ థెరపిస్టులకీ గ్రీన్ కార్డు వెయ్యాలంటే స్థానికులెవరూ దొరకలేదని రుజువు చెయ్యనక్కర్లేదు, షెడ్యూల్ ఏ అని ముందే మినహాయింపు ఉంది. తలుపు బార్లా తెరిచే ఉంది. గుమ్మం దాకా వెళ్లడమే కష్టం.

ముందు మన డిగ్రీ వాళ్ల డిగ్రీకి సమానమని తేలాలి. అక్కడ 2015 చివరికల్లా ప్రతి ఫిజియో కోర్సూ డాక్టరేట్ కావాలని గడువు పెట్టారు. మన నాలుగున్నరేళ్లను ఆ తక్కెడలో వేస్తే క్రెడిట్లు తక్కువంటారు, ఇంకొన్ని కోర్సులు కట్టమంటారు. సర్టిఫికెట్ల పరిశీలనలో విజయవాడ పిల్లల కష్టం ఇంకో రకం. 2021లో చేరిన కుర్రాడు ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టి, 2022లో బెంచీ మీంచి లేవకుండానే వైఎస్సార్ విశ్వవిద్యాలయంలోకి మారి, 2024లో అదే బెంచీ మీద మళ్లీ ఎన్టీఆర్ విశ్వవిద్యాలయానికి తిరిగొచ్చాడు. మధ్యలో ఎలక్షన్లొచ్చాయని వర్జీనియాలో కూచున్న గుమస్తాకి ఎలా చెప్తాడు?

తర్వాత లైసెన్సు పరీక్ష. 2010 జులైలో ఆ పరీక్ష పెట్టే సంస్థ ఈజిప్టు, ఇండియా, పాకిస్తాన్, ఫిలిప్పీన్స్ దేశాల్లో చదివినవాళ్లందరినీ ఒక్కసారిగా ఆపేసింది. కారణం, రాసొచ్చినవాళ్లు ప్రశ్నలు గుర్తుపెట్టుకుని పంచుకోవడం. పాత ప్రశ్నపత్రాలు బట్టీపట్టి పాసవడం మన ఇంటర్మీడియట్‌లో ర్యాంకు, అక్కడ నేరం. ఆ తర్వాత ఆ నాలుగు దేశాల వాళ్లకి వేరే పరీక్ష పెట్టారు, ఏడాదికి ఒక్కసారి.

అన్నీ గట్టెక్కి గ్రీన్ కార్డు వరసలో నిలబడితే, 2025 చివర్లో ఆ వరసలో భారతీయులకి నడిచినవి 2013 నాటి దరఖాస్తులు. ఈ రోజు దరఖాస్తు పెట్టిన ఫిజియోకి వంతు వచ్చేసరికి అతన్ని నడిపించడానికే ఒక ఫిజియో కావాలి. అందాకా హెచ్1బీ వీసా మీద నెట్టుకురావచ్చు కదా అంటే, ఇప్పుడు వద్దాం ట్రంప్ సంతకానికి. బయట దేశం నుంచి కొత్తగా హెచ్1బీ మీద మనిషిని తెచ్చుకోవాలంటే యజమాని లక్ష డాలర్లు కట్టాలన్నది ఆ కాగితం. 1,01,020 డాలర్ల జీతగాడికి 1,00,000 డాలర్ల దిగుమతి సుంకం. మొదటి ఏడాది ఫిజియో విలువ, సుంకం పోను 1,020 డాలర్లు. కోర్టుల్లో వాదనలు మొదలయ్యాయి, నడవనివ్వండి.

అక్కడ పుట్టి పెరిగిన పిల్లలకీ ఇదే బెంగ. నాలుగేళ్ల డిగ్రీ, దాని మీద మూడేళ్ల డాక్టరేట్, నెత్తి మీద లోను. చేరాక మెడికేర్ అనే సర్కారు బీమా వారి నిమిషాల లెక్క. రోగి పక్కన ఎనిమిది నిమిషాలు గడిపితేనే ఒక యూనిట్ బిల్లు పడుతుంది, ఏడు నిమిషాలైతే ఆ సేవ దేవుడి పద్దులోకి. ముసలాయన కాలు వంచుతూ ఒక కన్ను గడియారం మీద పెట్టే విద్య నేర్పడానికే డాక్టరేట్ కావాల్సి వచ్చిందేమో.

సరే, కాలవ చివరికొచ్చాం. శివారు భూమి అంటే హోమ్ విజిట్. ఇక్కడ తూము మీద కూచున్నది కాలేజీ కాదు, ఆసుపత్రి కాదు, ట్రంప్ అంతకంటే కాదు. మనమే. మోకాలి ఆపరేషన్‌కి మూడు లక్షలు అడిగితే ఇన్సూరెన్సుకి ఫోను చేసి, చాలకపోతే బంగారం కుదువ పెట్టి కట్టేస్తాం. డాక్టరుగారిని "కాస్త తగ్గించండి సార్" అన్న పాపాన పోం. ఇంటికొచ్చి నలభై నిమిషాలు వంగి ఆ మోకాలిని నడిపించే పిల్ల అయిదు వందలు అంటే మాత్రం మనలో మోండా మార్కెట్ మేల్కొంటుంది. "రోజూ వస్తావు కదమ్మా, నెలకి మాట్లాడుకుందాం. పక్క అపార్ట్‌మెంట్‌కి ఎలాగూ వస్తున్నావు కదా." అయిదొందలు మూడొందల యాభై అవుతుంది. ఆదివారాలు తీసేస్తాం. పెద్దావిడ గుడికి వెళ్లిన రోజు తీసేస్తాం. చుట్టాలొచ్చారని గుమ్మంలోంచి ఆమెను వెనక్కి పంపేసిన రోజూ తీసేస్తాం, ఆమె పెట్రోలు మన పెట్రోలు కాదు గనక. పన్నెండో రోజుకి మన అల్లుడు యూట్యూబ్‌లో ఆ వ్యాయామాలన్నీ ఉన్నాయని కనిపెడతాడు. ఇంటికి యాప్ ద్వారా పిలిపించుకున్నామా, ఆ మూడొందల యాభైలో యాప్ వాటా పోతుంది. రోజుకి ఆరిళ్లు తిరిగే కుర్రాడు మలక్‌పేట నుంచి మియాపూర్ దాకా బండి మీద కూచునే సమయం వైద్యం చేసే సమయం కంటే ఎక్కువ, అతని నడుముకి అదే మందు.

ఇన్ని చెప్పాక ఒక్క చోట మాత్రం ఫిజియోకి గిట్టుబాటు ధర పలుకుతుందని ఒప్పుకోవాలి. పెళ్లిచూపుల్లో. అమ్మాయి ఫిజియో అని చెప్పగానే అబ్బాయి తల్లి మొహం వికసిస్తుంది. "మాకు కట్నం మీద ఆశ లేదండీ" అంటుంది. నిజమే అంటుంది. ఆమె చూపు కాఫీ కప్పు మీద లేదు, తన రెండు మోకాళ్ల మీద ఉంది. రోజుకి అయిదొందల చొప్పున, ఇరవయ్యేళ్లకి, రెండు మోకాళ్లకి, ఆడపడుచు మెడ అదనం. ఆ పెద్దావిడ మనసులో వేసుకున్న లెక్క ముందు మన బ్యాంకుల ఆర్థిక సలహాదారులు దిగదుడుపే.

మొన్న మా అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు ఆయనకీ ఇదే సందేహం వచ్చింది. కూతురు ఇంటర్ రెండో ఏడాది, ఫిజియోథెరపీయా, నర్సింగా అని కొట్టుమిట్టాడుతున్నాడు. నాలాంటి వాళ్లను అడగడం దేనికి, చేసేవాళ్లనే అడిగితే పోలా అనుకున్నాడు. తెలివైన మనిషి. వాళ్లమ్మగారికి తుంటి ఎముక ఆపరేషన్ అయ్యాక రోజూ ఒకమ్మాయి వచ్చి నడిపిస్తోంది. పెద్దావిడ వాకర్ వదిలి హాల్లో నాలుగడుగులు వేసిన రోజు, సంతోషంగా ఉన్న సమయం చూసి కదిపాడు.

"అమ్మా, ఏమనుకోకు, ఒక మాట అడుగుతాను. ఈ లైన్లో నెలకి ఎంత మిగులుతుంది?"

ఆ అమ్మాయి గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటోంది. "కరెక్ట్‌గా చెప్పలేనంకుల్. మీది పోయిన నెలది మొత్తం, అంతకుముందు నెలలో ఆరు రోజులవీ ఇంకా రావాలి. అవి వచ్చాక లెక్క చూసి చెప్తాను."